పేరు పెట్టని దగ్గు

చీమకుర్తిలో దగ్గుకి ఎవరూ కారణం వెతకరు. అది ముందే సిద్ధంగా ఉంటుంది. క్వారీలో డ్రిల్లింగ్ చేసేవాడు దగ్గితే రాతిదుమ్ము. పాలిషింగ్ యూనిట్లో పనిచేసేవాడు దగ్గితే పౌడరు. మిరపకోతలకి వెళ్లొచ్చినావిడ దగ్గితే కాయల ఘాటు. పత్తితీతల రోజుల్లో అయితే నూగు. బీడీ తాగే పెద్దాయన సంగతి చెప్పనే అక్కర్లేదు. చలికాలం మంచు పడలేదంటారు, ఎండాకాలం రాళ్ల లారీలు లేపే దుమ్మంటారు. ఎవరి దగ్గుకి వాళ్ల దగ్గర ఒక పేరుంది. ఆ పేరుకి తగ్గ సిరప్పు మెడికల్ షాపులో ఉంది. ఇన్ని దగ్గుల మధ్య కలిసిపోయి ఒక దగ్గు మాత్రం నెలల తరబడి ఎవరి కంటా పడకుండా తిరుగుతుంది. దాన్ని పట్టుకోవడమే నేను చేసిన ఉద్యోగం.

నేను ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ప్రకాశం జిల్లాలో నాలుగైదు చోట్ల పనిచేసినా ఎక్కువకాలం గడిపింది ఈ కర్నూలు రోడ్డు మీదే. నా పేరు చాలామందికి తెలీదు, 'కళ్లె టెస్టు మేడమ్' అంటే మాత్రం తెలుసు. ఆ పిలుపు నాకెప్పుడూ చిన్నతనం అనిపించలేదు.

అంటురోగాలు ఎలా పుడతాయి, ఎలా పాకుతాయి అనగానే ఇప్పుడు అందరికీ కరోనా గుర్తొస్తుంది. నాకు క్షయ గుర్తొస్తుంది. కరోనా వచ్చినప్పుడు ఊరంతా తలుపులు మూసుకుంది. క్షయ వస్తే పక్కింటివాళ్లకి కూడా తెలీదు. 2023 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 1 కోటి 8 లక్షలమంది కొత్తగా టీబీ బారిన పడ్డారనీ, 12.5 లక్షలమంది చనిపోయారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. జబ్బుపడ్డవాళ్లలో నలుగురికి ఒకరు మనదేశం వాళ్లే. మందు లేని జబ్బయితే సరే అనుకోవచ్చు. దీనికి మందుంది, పైసా ఖర్చు లేకుండా ఇస్తారు, ఆర్నెల్లు వాడితే పోతుంది. అయినా ఇంతమంది పోతున్నారంటే తేడా ఎక్కడుందో చూడాలి.

సూక్ష్మజీవులన్నీ ఒకే దారిన రావు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట చుట్టుపక్కల మురుగునీరు తాగే నీళ్లలో కలిసింది. రోజుల వ్యవధిలో వందలమంది వాంతులు, విరేచనాలతో పెద్దాసుపత్రికి చేరారు, కొందరు బతకలేదు. నీటి దారిన వచ్చే రోగం అలా ఒక్కసారిగా మీద పడుతుంది, పైపులైను ఎటు పోతే అటు పోతుంది, కాబట్టి దాని జాడ తీయడం తేలిక. డెంగీ దోమ దారిన వస్తుంది. మా ఊరి క్వారీ గుంటలు చూసి దోమలన్నీ అక్కడే పుడతాయనుకుంటారు గానీ, డెంగీ దోమకి అంత నీళ్లు అక్కర్లేదు, కూలీల షెడ్డు పక్కన మూతలేని డ్రమ్ము ఒకటి చాలు. ప్లేగు ఎలుకల నుంచి, నిపా గబ్బిలాల నుంచి మనిషికి వచ్చాయి. తట్టు వైరస్ పశువుల ముసరవ్యాధి వైరస్‌కి దగ్గరి చుట్టం. పశువులతో కలిసి బతకడం మొదలైన కాలంలో ఎప్పుడో అది మనిషికి దాటిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

క్షయ కూడా ఆవుల నుంచే వచ్చిందని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. ఒంగోలు గిత్తల సీమలో పుట్టినదాన్ని కాబట్టి ఈ సంగతి నాకు పట్టింపే. 1998లో క్షయ క్రిమి జన్యువులన్నీ వరసగా చదవగలిగారు. తర్వాత కొన్నేళ్లకి పశువుల్లో ఉండే రకాన్నీ, మనుషుల్లో ఉండే రకాన్నీ పోల్చి చూస్తే, పశువుల రకమే తర్వాత విడిపోయిన కొమ్మ అని తేలింది. పచ్చిపాల ద్వారా పశువుల క్షయ మనిషికి రావడం నిజమే, అందుకే పాలు కాచి తాగాలి. కానీ మన ఊపిరితిత్తుల్లో ఇల్లు కట్టుకున్న క్రిమి మాత్రం వేల ఏళ్లుగా మనిషినే నమ్ముకుని ఉంది. దానికి ఎలుక, దోమ, నీటిగుంట ఏవీ అవసరం లేదు. ఒక మనిషి పక్కన ఇంకో మనిషి ఉంటే చాలు.

దాన్ని నేను ఎలా చూసేదాన్నో చెబుతాను. తెల్లవారగానే నోరు పుక్కిలించి, లోతుగా ఊపిరి పీల్చి, గుండెల్లోంచి దగ్గి తెచ్చిన కళ్లె కావాలి. ఉమ్మి పనికిరాదు. చాలామంది సిగ్గుపడి డబ్బాలో ఉమ్మేసి ఇచ్చేవాళ్లు, నురగ చూడగానే తెలిసిపోయేది. ఆసుపత్రి వెనక వేపచెట్టు కిందకి పంపించేదాన్ని, నాలుగు గోడల మధ్య దగ్గనిచ్చేదాన్ని కాదు. కళ్లె తెచ్చాక గాజు స్లైడు మీద డైమండ్ పెన్సిల్‌తో నంబరు వేసి, చీపురుపుల్ల విరిచి, ఆ విరిగిన కొసతో కళ్లెలో చిక్కగా పసుపుపచ్చగా ఉన్న ముక్కని తీసి స్లైడు మీద పలచగా పూయాలి. అవును, చీపురుపుల్లే. ప్రభుత్వ శిక్షణలో మాకు నేర్పిన పద్ధతి అదే. పూత ఎంత పలచగా ఉండాలంటే, స్లైడుని దినపత్రిక మీద పెడితే కింద అక్షరాలు చదవగలగాలి. ఆరాక మంట మీద మూడు నాలుగుసార్లు చూపించి, ఎర్రరంగు పోసి, ఆవిరి వచ్చేదాకా కింద నుంచి వేడిచేయాలి. ఉడకకూడదు. ఐదు నిమిషాలు ఆగి కడిగి, సల్ఫ్యూరిక్ ఆమ్లం పోయాలి. మామూలు క్రిములన్నీ ఆమ్లం పడగానే రంగు వదిలేస్తాయి. క్షయ క్రిమి వదలదు. దాని ఒంటి మీద మైనం లాంటి కొవ్వుపొర ఉంటుంది, ఒకసారి పట్టిన రంగుని ఆ పొర విడవదు. చివర్లో నీలం రంగు వేసి నూనెచుక్క పెట్టి మైక్రోస్కోపు కింద చూస్తే, నీలి నేల మీద సన్నటి ఎర్రపుల్లలు. ఒక్కోటి ఉంటుంది, జంటగా ఉంటుంది, కొన్నిచోట్ల గుంపులు గుంపులుగా ఉంటాయి.

అవి కనిపించగానే నాకు మొదట వచ్చే ఆలోచన ఆ మనిషి గురించి కాదు. ఆ రాత్రి ఆయన ఎక్కడ పడుకుంటాడు, పక్కన ఎవరుంటారు అని.

ఎందుకంటే ఒక మిల్లీలీటరు కళ్లెలో ఐదు నుంచి పది వేల క్రిములైనా ఉంటేగానీ మైక్రోస్కోపులో ఒక్కటీ కనపడదు. నాకు కనిపించిందంటే అప్పటికే ఆ మనిషి గాలిలోకి క్రిముల్ని వదులుతున్నాడని అర్థం. ఎన్నాళ్లుగా వదులుతున్నాడో ఆయనకే తెలీదు. రెండువారాలకి మించిన దగ్గుంటే పరీక్షకి రమ్మని గోడల మీద రాయిస్తాం. రెండు నెలలు దాటాక వచ్చినవాళ్లే నా రిజిస్టర్ల నిండా.

ఈ క్రిమికి తొందర లేదు. విరేచనాలు తెచ్చే క్రిములు ఇరవై నిమిషాలకి రెట్టింపవుతాయి. ఇది రెట్టింపవడానికి దాదాపు ఇరవై గంటలు పడుతుంది. అందుకే జ్వరం సాయంత్రాలు కొంచెంగా వస్తుంది, బరువు నెలల మీద తగ్గుతుంది, మనిషి పనికి పోతూనే ఉంటాడు. మంచాన పడేసే జబ్బయితే మంచం దగ్గరే ఆగేది. ఇది పనిచేసే మనిషితో పాటు ఆటో ఎక్కుతుంది, క్వారీకి వెళుతుంది, టీకొట్టు దగ్గర నిలబడుతుంది, రాత్రి గదికి వస్తుంది.

1882 మార్చి 24న జర్మనీలో రాబర్ట్ కాక్ ఈ క్రిమిని కనిపెట్టినట్టు ప్రకటించాడు. కానీ అది ఒకరి నుంచి ఒకరికి ఏ దారిన పోతుందో గట్టిగా రుజువు కావడానికి ఇంకో డెబ్బై ఏళ్లు పైనే పట్టింది. గుడ్డలు, గిన్నెలు, ఉమ్మి, ఎండిన ఉమ్మిలో లేచే దుమ్ము, ఇలా తలా ఒకటి చెప్పారు. 1950ల్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో రిచర్డ్ రైలీ అనే డాక్టరు, విలియం వెల్స్ అనే శాస్త్రవేత్త కలిసి ఒక పని చేశారు. ఆరు గదుల క్షయ వార్డులో రోగులు వదిలిన గాలినంతా గొట్టాల ద్వారా డాబా మీదికి పంపించారు. అక్కడ బోనుల్లో గినీపిగ్గులున్నాయి. రోగికీ వాటికీ మధ్య గాలి తప్ప ఇంకేమీ లేదు. రెండేళ్లలో డెబ్బైకి పైగా గినీపిగ్గులకి క్షయ సోకింది. తర్వాత ఆ గాలినే అల్ట్రావయొలెట్ దీపాల కిందుగా పోనిచ్చి చూస్తే ఆ జంతువులకి ఏమీ కాలేదు. ఆ కిరణాలకి ఈ క్రిమి తట్టుకోలేదు.

మనిషి దగ్గినప్పుడు పెద్ద తుంపర్లు మీటరు, రెండు మీటర్లలో కింద పడిపోతాయి. వాటితో పేచీ లేదు. చిన్నవి గాల్లోనే ఆరిపోయి, మీటరులో పది లక్షల వంతుని మైక్రాన్ అంటారే, ఆ లెక్కన ఐదు మైక్రాన్ల కంటే చిన్న కణాలుగా మిగులుతాయి. అవి కింద పడవు. తలుపులు మూసిన గదిలో అగరొత్తి పొగలాగా గంటల తరబడి అక్కడే తిరుగుతాయి. దగ్గిన మనిషి లేచి వెళ్లిపోయినా ఉంటాయి. కిటికీ తెరిస్తే పోతాయి.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. గిన్నెల వల్ల, గ్లాసు వల్ల, దుప్పటి వల్ల, షేక్‌హ్యాండ్ వల్ల టీబీ రాదు. సాధారణంగా ఊపిరితిత్తుల టీబీయే ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. మెడబిళ్లల టీబీ, ఎముకల టీబీ ఉన్నవాళ్ల పక్కన పడుకున్నా అంటదు. మా చిన్నమ్మమ్మకి, అంటే అమ్మమ్మ చెల్లెలికి, క్షయ వస్తే మంగళగిరి శానిటోరియంలో చేర్చారు. ఇప్పుడు ఎయిమ్స్ కట్టిన స్థలం అదే. బాగై వచ్చాక కూడా ఆమెకి పశువుల కొట్టం పక్కన పంచలోనే మంచం వేశారు. సత్తుపళ్లెం, గ్లాసు వేరు. ఆమె తాకిన మిరపకాయలు కూడా కల్లంలో వేరే కుప్పగా పోసేవాళ్లు. జబ్బు తగ్గిన మనిషిని అలా చూశారు. అంతకుముందు ఏడాది పొడుగునా, ఆమె దగ్గుతూ వంటింట్లో పొయ్యి ముందు కూర్చున్నప్పుడు, పిల్లల్ని పక్కలో వేసుకుని నిద్రపుచ్చినప్పుడు మాత్రం ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. మా ఇళ్లల్లో ఇప్పటికీ జరుగుతున్నది ఇదే. భయపడాల్సిన రోజుల్లో తెలీదు, తెలిసేసరికి భయపడాల్సిన రోజులు అయిపోవస్తాయి.

ఇది నా అభిప్రాయం కాదు, మన పక్కనే మద్రాసులో తేలిన నిజం. 1956లో అక్కడ క్షయ మందుల పరిశోధన కేంద్రం పెట్టారు. అప్పటికి క్షయ అంటే శానిటోరియమే దారి: కొండగాలి, గుడ్లు, పాలు, నెలల తరబడి విశ్రాంతి. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అప్పటికే ఎన్నో ఏళ్లుగా ఆ పని చేస్తోంది. కానీ రోగులు లక్షల్లో, మంచాలు వేలల్లో. అందుకని మద్రాసు కేంద్రంవాళ్లు 193 మంది పేద రోగుల్ని తీసుకుని చీటీ వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టు శానిటోరియంలో, రెండో జట్టు తమ ఇరుకిళ్లలోనే. మందులు రెండు జట్లకీ అవే. ఏడాది అయ్యేసరికి ఇంటిదగ్గర ఉన్నవాళ్లకీ దాదాపు అంతే నయమైంది. 1959లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ తర్వాత ఐదేళ్లపాటు రెండు జట్ల ఇళ్లలోనివాళ్లనీ గమనిస్తే, రోగిని ఇంట్లోనే ఉంచుకున్న కుటుంబాల్లో జబ్బు ఎక్కువేమీ రాలేదు. సోకాల్సిందంతా చాలావరకు మందు మొదలుపెట్టక ముందే సోకింది. మందు పడ్డాక కొద్దిరోజుల్లోనే అంటించే గుణం పడిపోతుంది. ప్రపంచంలో శానిటోరియాలు మూతపడటానికి దారి చూపించిన పరిశోధనల్లో మన మద్రాసుది ముందువరసలో ఉంది. ఇంత గొప్ప సంగతి మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉంటే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

క్రిమి లోపలికి వెళ్లినంత మాత్రాన జబ్బు రాదు. ప్రపంచ జనాభాలో పావువంతు మందికి ఈ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు సోకిందని అంచనా. వాళ్లలో వందకి ఐదునుంచి పదిమందికే జీవితకాలంలో ఎప్పుడైనా జబ్బుగా బయటపడుతుంది. మిగతావాళ్లలో ఒంటి కాపలా కణాలు దాన్ని చుట్టుముట్టి కదలనివ్వవు. ఆ కాపలా ఎక్కడ సడలుతుందో అక్కడే క్షయ పుడుతుంది. చీమకుర్తి సంగతి ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ముక్కు వెంట్రుకలు, గొంతులో జిగురు పెద్ద దుమ్ముని ఆపేస్తాయి. ఐదు మైక్రాన్ల కంటే చిన్నదే ఊపిరితిత్తుల చివరి గాలితిత్తుల దాకా పోగలదు. క్షయ తుంపర ఎండి మిగిలే కణమూ అంతే, డ్రిల్లింగ్‌లో లేచే దుమ్ములో కంటికి కనపడని సన్నపాటి భాగమూ అంతే. రెండూ ఒకే చోటికి చేరతాయి. అక్కడ రెండింటినీ మింగాల్సింది ఒకే కాపలా కణం. అది క్రిమిని మింగితే చంపడానికో బంధించడానికో చూస్తుంది. క్వార్ట్జ్ రేణువుని మింగితే తానే చచ్చిపోతుంది, ఆ రేణువు బయటపడి ఇంకో కణాన్ని పట్టుకుంటుంది. అలా ఏళ్ల తరబడి జరిగి ఊపిరితిత్తి గట్టిపడితే దాన్ని సిలికోసిస్ అంటారు. సిలికోసిస్ ఉన్నవాళ్లకి క్షయ వచ్చే అవకాశం మామూలువాళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువని దక్షిణాఫ్రికా బంగారు గనుల నుంచి మన మధ్యప్రదేశ్ మందసౌర్ పలకపుల్లల కార్ఖానాల దాకా చూశారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. రామతీర్థం, బూదవాడ దగ్గర తీసే మన నల్లరాయి, లోకమంతా బ్లాక్ గెలాక్సీ అని కొనుక్కునే రాయి, పేరుకే గ్రానైటు. భూగర్భశాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి. అందులో క్వార్ట్జ్ బహుతక్కువ. నల్లని ఒంటి మీద మెరిసే రాగిచుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. కాబట్టి గెలాక్సీ దుమ్ము మొత్తాన్నీ సిలికా దుమ్ముగా చూపిస్తే తప్పు. అయితే రాతిపని చేసేవాడు జీవితమంతా ఒక్క రాయి దగ్గరే ఉండడు. ఇవాళ ఇక్కడ డ్రిల్లింగ్, రేపు మార్టూరులో కటింగ్, ఎల్లుండి బల్లికురవ. అసలు గ్రానైటులో ఐదోవంతు, ఆపైన క్వార్ట్జే ఉంటుంది. మార్కాపురం పలకల రాయిలోనూ ఉంటుంది. ఏ రాయి ఎంత దుమ్ము పెట్టిందో ఊపిరితిత్తి విడివిడిగా రాసి పెట్టుకోదు. ముక్కుకి తువ్వాలు చుట్టుకుంటారు పాపం. అది పెద్ద దుమ్ముని ఆపుతుంది, ప్రాణం తీసే సన్నదాన్ని ఆపలేదు. డ్రిల్లు మొన దగ్గర నీళ్లు పారించి తడిగా కొట్టడమే మందు. సిలికోసిస్‌ని పాత గనుల చట్టం, ఫ్యాక్టరీల చట్టం రెండూ తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల్లో పెట్టాయి. ఎక్స్‌రేలో మాత్రం సిలికోసిస్, క్షయ రెండూ ఒకలాగే కనిపించి తికమకపెడతాయి. కళ్లెలో ఏమీ లేకపోయినా ఎక్స్‌రే చూసి టీబీ మందులు రెండుమూడుసార్లు వాడిన రాతికూలీల్ని చూశాను. 'నువ్వు ఏం పని చేస్తావు?' అని వాళ్లని అడిగినవాళ్లే లేరు.

దుమ్ము కంటే పెద్ద తలుపు ఒకటుంది. ఆకలి. 2019 నుంచి 2022 దాకా జార్ఖండ్‌లో ఒక అధ్యయనం జరిగింది. క్షయ రోగుల ఇళ్లలో ఉండే పదివేల మందికి పైగా మనుషుల్ని గమనించారు. సగం ఇళ్లలో రోగికి తోడు ఇంటిల్లిపాదికీ తలకి నెలకి ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది, అంటుకునే రకం అయితే దాదాపు సగం తగ్గింది. టీకా కాదు, బియ్యం, పప్పు. 2018 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం రోగి ఖాతాలో నెలకి 500 రూపాయలు వేసేది, 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేశారు. మంచిదే. రోగి ఒక్కడి కంచం చూస్తే సరిపోదని, ఇంటి కంచాలన్నీ చూడాలని జార్ఖండ్ చెబుతోంది. షుగరు కూడా ఈ కాపలాని సడలిస్తుంది. ఈమధ్య క్వారీ మేస్త్రీల్లో, లారీ డ్రైవర్లలో క్షయతో పాటు షుగరు బయటపడినవాళ్లు చాలామంది కనిపించారు నాకు. పొగ, తాగుడు ఉండనే ఉన్నాయి.

ఇక గదుల సంగతి. ఒడిశా, బీహార్, రాజస్థాన్ నుంచి వచ్చిన కుర్రాళ్లు రేకుల షెడ్డులో ఎనిమిదిమంది, పదిమంది ఉంటారు. షిఫ్టులు వేరు కాబట్టి ఒకరు లేచిన చాప మీద ఇంకొకరు పడుకుంటారు. దోమలని, దుమ్మని కిటికీ మూసేస్తారు. ఎనిమిది గంటలు ఒకే గాలి. బయట క్వారీలో పక్కపక్కన పనిచేస్తే ఎండ, గాలి ఉంటాయి గనక క్రిమికి అంత అవకాశం లేదు. అది మనిషిని మార్చుకునేది ఆ రాత్రి గదిలోనే. మందు లేకుండా వదిలేసిన ఒక్క రోగి ఏడాదిలో పది, పదిహేనుమందికి సోకించగలడని పాత లెక్క. వాళ్లలో ఎవరికి ఎప్పుడు బయటపడుతుందో, ఏ ఊళ్లో బయటపడుతుందో చెప్పలేం. బరంపురంలోనో జైపూర్‌లోనో రెండేళ్లకి కనిపించిన దగ్గు చీమకుర్తి షెడ్డులో సోకినది కావచ్చు. అలాగే కర్నూలు పడమటి మండలాల నుంచి మిరపకోతలకి గుంటూరు పల్లెలకి వచ్చేవాళ్లు. కుటుంబాలతో వచ్చి పొలాల్లో గుడారాలు వేసుకుంటారు. మందు మొదలుపెట్టింది సొంతూళ్లో, రెండోనెల మాత్రలు అయిపోయేది పరాయి ఊళ్లో.

ఆర్నెల్ల కోర్సులో మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు. నెల తిరక్కుండానే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్లు వస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఒక కంప్రెషర్ కూలీ నాకు బాగా గుర్తు. ఈ ఊరివాడే. రెండోనెల చివర కళ్లె పరీక్షకి రాకపోతే ఆశా కార్యకర్తని పంపించి పిలిపించాను.

'తగ్గిందిగా మేడమ్, ఇంకెందుకు? మాత్ర మింగితే వాంతొచ్చినట్టుంటది, బండ దగ్గర నిలబళ్లేకపోతున్నా' అన్నాడు.

'తగ్గింది నీకయ్యా, దానికి కాదు. పడుకున్నవి ఇంకా ఉన్నాయి లోపల' అన్నాను.

'ఉంటే దగ్గాలిగా?'

చాలా సరైన ప్రశ్న. చురుగ్గా పెరిగే క్రిముల్ని మందు మొదటి వారాల్లోనే చంపేస్తుంది. కొన్ని మాత్రం దాదాపు నిద్రలో ఉంటాయి. పెరగని క్రిమి మీద మందు సరిగా పనిచేయదు. అది మేలుకున్నప్పుడల్లా అక్కడ మందు ఉండాలి, అందుకే అన్ని నెలలు. మధ్యలో మానేస్తే మిగిలేవి ఆ మందుకి అంతో ఇంతో ఓర్చుకున్నవి. అవి మళ్లీ పెరిగితే రిఫాంపిసిన్ అనే మందుకి లొంగని క్షయ పుడుతుంది. కొత్త రోగాలు ఎక్కడో అడవుల్లో, గబ్బిలాల గుహల్లోనే పుడతాయనుకోవద్దు, సగంలో ఆపిన మాత్రల అట్టలోంచి కూడా పుడతాయి. అలా పుట్టింది అదే గదిలో పక్కవాడికి మొదటి రోజునుంచే మొండిరకంగా అంటుకుంటుంది. అన్నం తిన్నాక మాత్ర వేసుకునేలా డాక్టరుగారితో మాట్లాడి ఆయనకి టైము మార్పించాం. కోర్సు పూర్తిచేశాడు.

ఆరెంపీల గురించి కూడా చెప్పాలి. కూలీ పోగొట్టుకోకుండా రాత్రి ఎనిమిదింటికి చూపించుకోగలిగేది వాళ్ల దగ్గరే. వాళ్లని తిట్టి లాభం లేదు. కానీ రెండువారాలు దాటిన దగ్గుకి ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ చేస్తూ పోతే నాలుగైదు వారాలు అలాగే గడిచిపోతాయి. కొన్ని యాంటీబయాటిక్స్ క్షయ క్రిమిని కొద్దిగా నొక్కిపెట్టి దగ్గుని తగ్గించినట్టు చూపిస్తాయి, నా స్లైడులో కూడా దాన్ని దాచేస్తాయి. పరీక్షకి పంపించే ఆరెంపీ ఊరికి ఎంత మేలు చేస్తాడో నేను కళ్లారా చూశాను.

చీపురుపుల్ల కాలం దాటి ఇప్పుడు సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు వచ్చాయి. క్రిమి జన్యుపదార్థాన్నే పట్టుకుంటాయి, మైక్రోస్కోపుకి దొరకని కొద్దిపాటి క్రిముల్ని కూడా చూపిస్తాయి, రిఫాంపిసిన్‌కి లొంగుతుందో లేదో అదే రోజు చెబుతాయి. ట్రూనాట్ మన గోవాలో తయారైన యంత్రం, బ్యాటరీతో నడుస్తుంది, చిన్న ఆసుపత్రిలో కూడా పెట్టొచ్చు. యంత్రం ఎంత గొప్పదైనా కళ్లె దాని దగ్గరకి రావాలి. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు దేశంలో నమోదైన క్షయ రోగుల సంఖ్య అంతకుముందు ఏడాదితో పోలిస్తే 24 లక్షల నుంచి 18 లక్షలకి పడిపోయింది. రోగం తగ్గలేదు, రోగులు ఇళ్లలో ఉండిపోయారు. ఇళ్లలో, అంటే మూసిన గదుల్లో.

ఒకరికి పాజిటివ్ వస్తే ఆ గదిలో పడుకునే అందరినీ పరీక్షించాలి. జబ్బు లేదని తేలినవాళ్లకి, ముఖ్యంగా పిల్లలకి, క్రిమి మేలుకోకుండా ముందుజాగ్రత్త మందు ఇవ్వాలి: రోజుకో మాత్ర చొప్పున ఆర్నెల్లో, వారానికోసారి చొప్పున పన్నెండు వారాలో. మొత్తం పనిలో కష్టమైనది ఇదే. జబ్బు లేని మనిషి చేత మాత్ర మింగించడం. కుటుంబమైతే తల్లిని ఒప్పిస్తే పిల్లలందరూ వస్తారు. షెడ్డులో తల్లి ఉండదు, మేస్త్రీ ఉంటాడు.

రిటైరయ్యేముందు ఒక ఒడిశా కుర్రాడికి త్రీ ప్లస్ వచ్చింది. అంటే మైక్రోస్కోపులో ఎటు చూసినా పదికి పైగా ఎర్రపుల్లలు. వాళ్ల మేస్త్రీ తెలుగువాడే. ఫోన్ చేసి మిగతావాళ్లని తీసుకురమ్మంటే, 'అందర్నీ పంపిస్తే బండ ఎవరు కొడతారమ్మా? ఆ ఒక్కడ్నీ ఊరికి పంపించేస్తాలే' అన్నాడు. పంపించేస్తే ఆ కుర్రాడు రైల్లో గంటల తరబడి ప్రయాణం చేస్తాడని, గదిలో సోకినవాళ్లు గదిలోనే ఉంటారని, నువ్వూ మధ్యాహ్నాలు అదే షెడ్డులో కునుకు తీస్తావుగా అని చెప్పాను. ఆ చివరి మాటకి కాసేపు మాట్లాడలేదు. 'నాకూ దగ్గే ఉందమ్మా, దుమ్ముది' అన్నాడు.

మర్నాడు పొద్దున్నే షిఫ్టు మొదలవకముందు ట్రాక్టర్లో అందరినీ ఎక్కించుకొచ్చాడు. వేపచెట్టు కింద డబ్బాలు పంచి, దూరదూరంగా నిలబెట్టి, గట్టిగా ఊపిరి పీల్చి దగ్గమని ఒక్కొక్కరికీ చేసి చూపించాను. మేస్త్రీ డబ్బా మీద కూడా నంబరు వేశాను.